పచ్చబడ్డ పూల్ గురించి పిన్ని ఉత్తరం

చిట్టితల్లీ,

ఫోటోలు చూశాను. ఇల్లు బాగుంది, వంటగది ఇంకా బాగుంది. పెరట్లో ఉన్నదాన్ని స్విమ్మింగ్ పూల్ అనడానికి మాత్రం నోరు రావడం లేదు. ఏడాదికి పైగా ఎవరూ ఉండని ఇల్లు, పైగా హ్యూస్టన్ పక్కన మీ కాటీ ఊరి వానలు, ఎండలు. అలా కాక ఇంకెలా ఉంటుంది? అల్లుడుగారు నీళ్లన్నీ తోడించేసి కొత్త నీళ్లు పట్టిద్దాం, ఒక్కరోజులో తేలిపోతుంది అంటున్నారని రాశావు. ముందు ఆ పని ఆపించు. మిగతా ఉత్తరం నింపాదిగా చదువుదువుగాని.

హ్యూస్టన్ చుట్టుపక్కల చాలాచోట్ల నేలలో నీళ్లు పైపైనే ఉంటాయి, వాన పడితే ఇంకా పైకి వస్తాయి. పూల్‌లో ఉన్న నీళ్ల బరువే ఆ కాంక్రీటు తొట్టిని నేలలో కదలకుండా పట్టి ఉంచుతుంది. ఆ బరువు తీసేస్తే కింది నీళ్లు తొట్టిని పైకి నెడతాయి. తొట్టి లేచిందంటే పైపులు విరుగుతాయి, చుట్టూ గచ్చు పగులుతుంది, బాగుచేయించే ఖర్చుతో ఇండియా అందరూ రెండుసార్లు వెళ్లి రావచ్చు. తొట్టి లేవకపోయినా, ప్లాస్టర్ ఎండకు ఎండి నెర్రెలిస్తుంది. అసలు పచ్చబడ్డంత మాత్రాన నీళ్లు పారబోయాల్సినవి అయిపోవు. కొత్త నీళ్లు పట్టి క్లోరిన్ లేకుండా జూలైలో రెండు వారాలు వదిలేస్తే అవీ ఇలాగే అవుతాయి. కొంచెం నీళ్లు మార్చాల్సిన సందర్భం ఒకటుంది, దాని దగ్గరికి వస్తాను.

మీ అత్తగారు, మామగారు వేసవికి వస్తున్నారన్నావు. నాకు పాచి కంటే అదే ఎక్కువ టెన్షన్. మన పెద్దవాళ్లకు గాలి కోసం వెనక తలుపు బార్లా తీసిపెట్టడం అలవాటు, పిల్లాడేమో ఇప్పుడిప్పుడే పరుగులు నేర్చాడు. పచ్చనీళ్లలో పడ్డ పిల్లాడు ఒడ్డున నిలబడి చూసినా కనపడడు. గేటు దానంతటదే మూసుకుని గడియ పడేలా ఈ వారమే చేయించు, వెనక తలుపుకు అలారం పెట్టించు. అడుగున పంపు నీళ్లు లాక్కునే మెయిన్ డ్రెయిన్ మూత ఒడ్డు నుంచి స్పష్టంగా కనపడేదాకా ఎవరూ నీళ్లలో దిగకూడదు. దోమల సంగతి కూడా తేలిగ్గా తీసుకోకు. 2012లో దోమల వల్ల వచ్చే వెస్ట్ నైల్ జ్వరం ప్రబలినప్పుడు మా డాలస్ మీద విమానాలతో మందు కొట్టారు. ఇలా వదిలేసిన పూల్స్ ఆ దోమలకు పుట్టిళ్లు. పని మొదలుపెట్టేలోపు హార్డ్‌వేర్ షాపులో దోమ పిల్లల్ని నీళ్లలోనే చంపే బీటీఐ బిళ్లలు దొరుకుతాయి, తెచ్చి వెయ్యి.

తర్వాత కరెంటు. ఇన్నాళ్లు వాడని పూల్‌లో చెయ్యి పెట్టేముందు ఎలక్ట్రీషియన్‌ను పిలిచి పంపు, నీళ్లలోని లైటు, షాక్ కొట్టకుండా కరెంటు ఆపేసే జీఎఫ్‌సీఐ బ్రేకర్ చూపించు. ఇది యూట్యూబ్ చూసి చేసుకునే పని కాదు. అతను సరే అన్నాక పంపు బుట్ట శుభ్రం చేసి, మూత కింది రబ్బరు రింగుకు సిలికాన్ లూబ్ రాసి, బుట్ట నిండా నీళ్లు పోసి పంపు ఆన్ చెయ్యి. నీళ్లు లాగకుండా బుడగలే వస్తుంటే ఎక్కడో గాలి పీలుస్తోందన్నమాట. 2021 ఫిబ్రవరి చలికి టెక్సాస్‌లో ఎంతమంది పూల్ పైపులు పగిలాయో నీకు తెలుసు. ఖాళీ ఇంట్లో ఏ చలికాలంలో ఏం పగిలిందో ఎవరు చూశారు, అందుకని పైపుల కీళ్ల దగ్గర తడి ఉందేమో వేలితో తడిమి చూడు. ఫిల్టర్ శుభ్రం చేసిన వెంటనే మీటర్‌లో ప్రెషర్ ఎంతుందో దాని డబ్బా మీదే మార్కర్‌తో రాసిపెట్టు. ఆ అంకె మీద పాతిక శాతం పెరిగినప్పుడల్లా ఇసుక ఫిల్టర్ అయితే బ్యాక్‌వాష్, అంటే నీళ్లు వెనక్కి తిప్పి కడగడం, కార్ట్రిడ్జ్ అయితే బయటికి తీసి గొట్టంతో కడగడం. మొదటి వారం రోజుకు రెండుసార్లు కూడా కడగాల్సి రావచ్చు. విసుక్కోకు.

మందుల కంటే ముందు ఆకులు. చాలామంది ఇక్కడే తొందరపడతారు. అడుగున ఆకులుండగా ఎంత క్లోరిన్ పోసినా అది ఆకుల్ని తినడానికే సరిపోతుంది. లోతు సంచి ఉన్న వల కొను, పళ్లెంలా ఉండే చిన్నది పనికిరాదు. మీ ఓక్ చెట్ల ఆకులు ఈపాటికి అడుగున నల్లటి గుజ్జయి ఉంటాయి. వలను అడుగుకు ఆనించి, నెమ్మదిగా నీ వైపు లాక్కో. విసురుగా లాగితే గుజ్జంతా పైకి లేచి మళ్లీ కూర్చునేదాకా ఆగాలి. సంచి పైకి తీసేటప్పుడు కుళ్లిన కోడిగుడ్ల వాసన గుప్పుమంటుంది, ఆ రోజు పాత బట్టలే కట్టుకో. నీళ్లు కారిపోయేదాకా సంచిని ఒడ్డు మీద కాసేపు ఉంచి అప్పుడు ఎత్తు, లేకపోతే నడుం పడుతుంది. వాక్యూమ్ జోలికి ఇప్పుడే వెళ్లకు, ఆకులు పోయి పైపులో ఇరుక్కుంటే అదో కొత్త తలనొప్పి. పైన తేలే చెత్తను లాక్కునే స్కిమ్మర్ మూత తీసి లోపల చూడకుండా మాత్రం చెయ్యి పెట్టకు. కప్పలైతే పరవాలేదు, మీ వైపు నీటిపాములున్నాయి, వాటిలో విషమున్నవీ ఉన్నాయి.

ఇక నీళ్లు పరీక్షించే కిట్. కాగితం ముక్క ముంచి రంగు చూసే స్ట్రిప్స్ ఈ పనికి చాలవు. చుక్కలు లెక్కపెట్టే కిట్ కావాలి, మా ఇంట్లో ఉన్నది టేలర్ కె-2006. 10 మిల్లీలీటర్ల నీళ్లు తీసుకుని పొడి వేస్తే గులాబీ రంగు వస్తుంది. రెండో సీసాలోంచి ఒక్కో చుక్క వేసి తిప్పుతూ పో. రంగు పూర్తిగా విరిగేసరికి ఎన్ని చుక్కలయ్యాయో, అందులో సగం నీ క్లోరిన్ పీపీఎం, అంటే పది లక్షల పాళ్ల నీళ్లలో ఎన్ని పాళ్లో ఆ లెక్క. ఇరవై చుక్కలైతే 10. రంగు పోల్చి చూసే మామూలు కిట్‌లో ఓ మోసం ఉంది: క్లోరిన్ మరీ ఎక్కువైతే రంగే రాదు, సున్నా ఉందనుకుంటాం.

మొదట పీహెచ్ చూడు. 7.2 దగ్గరికి దించుకుని మొదలుపెట్టు, క్లోరిన్ 10 దాటాక ఆ పరీక్షను నమ్మలేం. దించడానికి మ్యూరియాటిక్ యాసిడ్. కళ్లద్దాలు, గ్లవ్స్ వేసుకుని, పంపు తిరుగుతుండగా, గాలి నీ వెనక నుంచి వీస్తున్న వైపు నిలబడి, నీటి మట్టానికి దగ్గరగా సన్నని ధారగా పోయి. యాసిడ్ డబ్బా, క్లోరిన్ డబ్బా గరాజ్‌లో పక్కపక్కన పెట్టకు. ఆ రెండూ కలిస్తే వచ్చే గ్యాస్ ఊపిరితిత్తుల్ని పాడుచేస్తుంది. అలాగే పాత ఓనర్ వదిలేసిన క్లోరిన్ బిళ్లలు, షాక్ పొడి అనే క్లోరిన్ పొడి కనపడితే ఒకే బకెట్లో వెయ్యొద్దు, వాటికి మంటలంటుకుంటాయి.

తర్వాత సయనూరిక్ యాసిడ్, షాపుల్లో స్టెబిలైజర్ అంటారు. సగం కష్టం దీన్ని అర్థం చేసుకోకపోవడం వల్లే వస్తుంది. అది లేకపోతే టెక్సాస్ ఎండ క్లోరిన్‌ను గంటల్లో ఎగరగొట్టేస్తుంది. ఎక్కువైతే అదే క్లోరిన్‌ను పట్టి ఉంచేసి పని చెయ్యనివ్వదు. 30 నుంచి 50 మధ్య ఉంటే మంచిది. తేలే క్లోరిన్ బిళ్లలు వాడిన ప్రతిసారీ ఇది పెరుగుతుంది, నీళ్లు ఆవిరైనా ఇది పోదు. కిట్‌లో 80, 100 వచ్చిందనుకో, అప్పుడు మాత్రమే నీళ్లు మార్చాలి, అదీ ఒక అడుగు తీసి ఒక అడుగు నింపుతూ, వానలు లేని రోజుల్లో. తీసిన నీళ్లు రోడ్డు పక్క వాన కాలువలోకి వదలకు, ఎక్కడ వదలాలో మీ ఊరి నీటి విభాగాన్ని అడుగు. ఖాళీ ఇల్లు కాబట్టి సున్నా వచ్చినా ఆశ్చర్యపోకు. బ్యాక్టీరియా దాన్ని తినేసి అమ్మోనియా మిగిల్చి ఉంటే, పోసిన క్లోరిన్ గంటలో మాయమవుతుంది. అది మింగినంతా మింగనిచ్చి, మళ్లీ మళ్లీ పోస్తూ ఉండాల్సిందే. నిలబడటం మొదలయ్యాక స్టెబిలైజర్ 30కి తెచ్చుకో.

పాచి చచ్చేదాకా ఎంత క్లోరిన్ పట్టి ఉంచాలన్నది ఈ స్టెబిలైజర్ అంకెను బట్టే. అది 30 ఉంటే క్లోరిన్ 12, 40 ఉంటే 16, 50 ఉంటే 20. పూల్‌లో నీళ్లెన్నో లెక్క కట్టడం సులువు: పొడవు, వెడల్పు, సగటు లోతు అడుగుల్లో హెచ్చవేసి దాన్ని 7.5తో హెచ్చవెయ్యి. మీది 30 బై 15, సగటున 5 అడుగులనుకుంటే దాదాపు 17,000 గ్యాలన్లు. 10 శాతం లిక్విడ్ క్లోరిన్ ఒక గ్యాలన్ పోస్తే 10,000 గ్యాలన్లలో 10 పీపీఎం పెరుగుతుంది. అంటే స్టెబిలైజర్ 40 ఉంటే, సున్నా నుంచి 16కి చేర్చడానికి నీకు రెండు ముప్పావు గ్యాలన్లు. అది మొదటి మోతాదే సుమా, మొత్తం కాదు. డబ్బా మీద తేదీ చూసి కొను, ఎండకు నిలవున్న క్లోరిన్ సత్తువ పోతుంది. ఊళ్లో తాతయ్య బావిలో బ్లీచింగ్ పౌడర్ చల్లించేవారు గుర్తుందా? అదీ ఈ జాతిదే. కాకపోతే పొడి వాడితే నీళ్లలో కాల్షియం పెరుగుతుంది, అందుకే నా ఓటు లిక్విడ్‌కే.

అక్కడి నుంచి పని ఒకటే. పంపు రాత్రింబవళ్లు తిరగాలి. రోజుకు మూడు నాలుగుసార్లు కొలిచి, తగ్గినంతా మళ్లీ పోయాలి. గోడలు, మెట్లు, మూలలు రోజూ బ్రష్‌తో రుద్దాలి. శనివారం ఓసారి గట్టిగా పోసి వారమంతా వదిలేస్తే పాచి మళ్లీ తలెత్తుతుంది, పోసిన డబ్బంతా నీళ్లపాలే. ముదురు ఆకుపచ్చ లేతబడుతుంది, తర్వాత బూడిద రంగు, ఆ తర్వాత పాలు కలిపినట్టు తెల్లటి నీలం. బూడిద రంగు చూసి భయపడకు, అది చచ్చిన పాచి, ఫిల్టర్ పట్టేస్తుంది. అడుగు కనపడటం మొదలయ్యాక వాక్యూమ్ తీసుకో. లైటు వెనక, నిచ్చెన గొట్టాల్లో, స్కిమ్మర్ రెక్క కింద పాచి దాక్కుంటుంది, పాత టూత్‌బ్రష్ పట్టుకుని అవన్నీ తోమించు. అల్లుడుగారికి ఒక్కరోజులో తేల్చేయాలన్న హుషారు ఉంది కదా, అది ఇక్కడ పనికొస్తుంది.

నీలం రంగు రాగానే ఇరుగుపొరుగు బాగుందమ్మా అంటారు. నువ్వు నమ్మకు. ఎండ పూర్తిగా దిగాక కొలిచి రాసుకో, తెల్లవారి ఎండ పడకముందే మళ్లీ కొలువు. రాత్రి క్లోరిన్‌ను తినడానికి ఎండ లేదు, కాబట్టి తగ్గిందంటే నీళ్లలో ఇంకా ఏదో బతికే ఉంది. తగ్గుదల 1 లోపే ఉండి, కంబైన్డ్ క్లోరిన్, అంటే మురికితో కలిసిపోయి సత్తువ తగ్గిన క్లోరిన్, 0.5 మించకుండా, నీళ్లు అద్దంలా ఉంటేనే ఆపాలి. మూడింట్లో ఒక్కటి తక్కువైనా ఇంకో రోజు కొనసాగించు. దీనికి వారం పట్టొచ్చు, రెండు వారాలు కూడా పట్టొచ్చు.

ఈలోపు నీళ్ల సీసా పట్టుకుని పూల్ షాపుకు వెళ్తే ఫ్రీగా టెస్ట్ చేసి, ఫాస్ఫేట్ రిమూవర్, క్లారిఫయర్, ఆల్జిసైడ్ అంటూ చాంతాడంత లిస్టు చేతిలో పెడతారు. ఒక్కటీ కొనకు. ముఖ్యంగా రాగి ఉన్న ఆల్జిసైడ్, దాంతో ప్లాస్టర్‌కు మరకలు పడతాయి, పక్కింటి తెల్లపిల్లల జుట్టు పచ్చబడుతుంది.

అంతా అయ్యాక ఎండకు క్లోరిన్ దానంతటదే దిగుతుంది. 10 లోపుకు వచ్చాక దిగండి. ఆ తర్వాత స్టెబిలైజర్ 40 ఉన్న పూల్‌కు రోజూ 5, 6 ఉంటే చాలు, పీహెచ్ 7.2 నుంచి 7.8 మధ్య. తలకు కొబ్బరినూనె పట్టించుకుని ఎవరూ దిగకుండా చూడు, ముందు షవర్. లేదంటే గోడల చుట్టూ జిడ్డు గీత కడుతుంది, ఫిల్టర్ మూసుకుపోతుంది. చున్నీలతో, చీరలతో, విరబోసుకున్న జుట్టుతో అసలే వద్దు, డ్రెయిన్ వాటిని లాగి పట్టేస్తుంది. హ్యూస్టన్‌కే చెందిన అమెరికా మాజీ విదేశాంగ మంత్రి జేమ్స్ బేకర్ మనవరాలు, ఏడేళ్ల పిల్ల, 2002లో హాట్ టబ్ డ్రెయిన్ లాగి పట్టేసి చనిపోయింది. 2007లో ఆ పిల్ల పేరుతోనే డ్రెయిన్ మూతల చట్టం వచ్చింది. మీ పూల్ మూత ఏ కాలంనాటిదో, దానికీ గడువుంటుంది, మీద చదివి చూడు. పగిలినా, గడువు దాటినా కొత్తది వేయించాకే దిగాలి.

చలికాలం మాట కూడా ఇప్పుడే చెప్పేస్తాను, అప్పటికి నువ్వు మర్చిపోతావు. ఫారెన్‌హీట్ 32కి దిగే రాత్రుల్లో పంపు ఆపకు, కదిలే నీళ్లు పైపుల్లో అంత తేలిగ్గా గడ్డకట్టవు. కరెంటు పోతే ముందు బ్రేకర్ ఆపి, పంపు, ఫిల్టర్ అడుగున ఉన్న ప్లగ్గులు తీసి నీళ్లు వదిలెయ్యి. ఆ ప్లగ్గులు పంపు బుట్టలోనే వేసి ఉంచితే ఎండ వచ్చాక వెతుక్కోనక్కర్లేదు.

మీ
పిన్ని