కొట్టేసిన వాక్యం

పర్లాకిమిడి

చిరంజీవికి ఆశీస్సులు.

అమ్మా, రబ్బరు, ప్లాస్టిక్ మిశ్రమాల్లో కార్బన్ నానోట్యూబులు, అంటే కార్బన్ పరమాణువులతో ఏర్పడిన అతిసన్నని గొట్టాలు, కలపడం గురించి నువ్వు పంపిన వ్యాసం రెండుసార్లు చదివాను. భాష శుభ్రంగా ఉంది. “ఈ గొట్టాలు కలపగానే రబ్బరు ఉక్కులా మారిపోతుంది” అన్న మొదటి వాక్యం దగ్గరే నాకు కోపం వచ్చింది. నాలుగో పేజీలో నువ్వు సిరాతో కొట్టేసిన “మొదటి మూడుసార్లూ ముద్దలు కట్టింది” అన్న వాక్యాన్ని కాగితం వెలుతురుకు పెట్టి చదువుకున్నాక ఆ కోపం పోయింది. ఈ ఉత్తరం ఆ వాక్యం కోసమే.

1991లో జపాన్ శాస్త్రవేత్త సుమియో ఇజిమా ఈ గొట్టాల నిర్మాణాన్ని వర్ణించిన నాటి నుంచి వాటి బలాన్ని పొగడనివారు లేరు. కానీ ఆ బలం విడిగా ఉన్న ఒక్కొక్క గొట్టానిది. కొన్ని నానోమీటర్ల మందమూ, అంతకు వందల నుంచి వేల రెట్ల పొడవూ ఉన్న ఈ పోగులు ఒకదాన్నొకటి ఆకర్షించుకుని, దువ్వని జుట్టులా చిక్కుపడి ఉండ కడతాయి. ఆ ఉండ విడకపోతే, సాగదీసినప్పుడు రబ్బరు అక్కడి నుంచే చిరుగుతుంది.

పైగా నీ మిశ్రమంలో పాలీప్రొపిలీన్ అనే ప్లాస్టిక్ కూడా ఉంది. రబ్బరూ అదీ నిజంగా కలిసిపోవు. ఒకటి రెండోదానిలో బొట్లుబొట్లుగా నిలుస్తుంది. గొట్టాలు రబ్బరులోకి పోయాయా, ప్లాస్టిక్‌లోకి పోయాయా, రెండింటి సరిహద్దున ఆగాయా అన్నదాన్ని బట్టే ఫలితం మారుతుంది. సరిహద్దున నిలిచిన గొట్టాలు బొట్లు మళ్ళీ ఒకటైపోకుండా అడ్డుపడగలవు. వ్యాసానికి ప్రాణమైన ఈ సంగతిని నువ్వు ఒక్క ముక్కలో దాటేశావు. ఆమ్లంలో శుద్ధి చేస్తే గొట్టాలు రబ్బరును బాగా పట్టుకుంటాయని రాశావు. నిజమే, కానీ ఎక్కువసేపు ఉంచితే అవి తెగి పొట్టివైపోతాయని కూడా రాయాలి.

ముప్పై ఏళ్ళ కిందట, ఇక్కడి రైసుమిల్లులో పొట్టు ఒలిచే రబ్బరు రోలర్ల గురించి రాయడానికి పది రోజులు ఆ దుమ్ములో కూర్చున్నాను. రెండు రోలర్లూ వేర్వేరు వేగాలతో తిరుగుతాయి కనుకే గింజ నలగకుండా పొట్టు ఊడుతుంది. రబ్బరు కలిపే టూ రోల్ మిల్లులో ముద్దను చీల్చేదీ ఆ వేగాల తేడాయే. అరిగిన రోలరును తడిమితే మధ్యలో వేలు పట్టేంత గాడి తగిలింది. ఆ అరుగుదల గురించి రెండు పేజీలు రాస్తే, పాఠకులకు వైఫల్యాలు రుచించవంటూ సంపాదకుడొకాయన వాటిని తీసేసి, మిగిలినదానికి ‘అద్భుతం’ అని పేరు పెట్టి అచ్చువేశాడు. పత్రిక చేతికి రాగానే మిల్లు మేస్త్రి, “అరుగుదల సంగతి ఏదీ బాబూ?” అని అడిగాడు. ఆ సంపాదకుణ్ణి నేను ఈనాటికీ క్షమించలేదు.

కాబట్టి ఉక్కు వాక్యం తీసేసి, కొట్టేసిన వాక్యంతో వ్యాసం మొదలుపెట్టు. ఏ యంత్రం మీద, ఎంత వేడిలో, ఎంతసేపు కలిపారో, బ్లేడుతో కోసినప్పుడు ఆ ముఖం మీద గరుకుగా ఏం తగిలిందో, నాలుగోసారి ఏం మార్చారో రాసి దసరాలోపు పంపు.