అద్దె 5న, జీతం 7 దాటాక

ప్రశ్న: కూకట్‌పల్లిలో రెండు గదుల పోర్షన్‌లో అద్దెకు ఉంటున్నాం. అద్దె 14 వేలు. నెలనెలా 5వ తేదీలోపు ఇవ్వాలని అగ్రిమెంటు. మా వారికి జీతం 7న పడాలి, ఒక్కోసారి 10 కూడా అవుతుంది. ఓనరు గారు పెద్దాయన. 6వ తేదీ పొద్దున్నే మెట్లెక్కి వచ్చి తలుపు కొడతారు. పిల్లల ముందు తల కొట్టేసినట్టు ఉంటుంది. ఈసారి ఆలస్యమైతే ఖాళీ చేయమన్నారు. వెంటనే చేయించగలరా? మా రెండు నెలల అడ్వాన్సులో సర్దుకోమనవచ్చా?
- ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: ముందు ఆ భయం వదిలిపెట్టండమ్మా. నాలుగు రోజుల ఆలస్యానికి ఎవరూ మీ సామాను బయట పెట్టలేరు. అగ్రిమెంటులో వేరే షరతు లేకపోతే, నెలవారీ అద్దె ఇంటికి 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం ప్రకారం 15 రోజుల నోటీసు ఇవ్వాలి. అప్పటికీ మీరు కదలకపోతే ఆయన కోర్టుకు వెళ్లాల్సిందే, తాళం వేయడానికి వీల్లేదు. అయితే గడువు దాటినా మరో 15 రోజులు వెసులుబాటు ఉంటుందని ఎవరైనా చెబితే నమ్ముకోకండి. అది 1960 నాటి అద్దె నియంత్రణ చట్టంలోని మాట. హైదరాబాద్‌లో నెలకు 3,500 రూపాయలు దాటిన ఇళ్లకు ఆ చట్టం వర్తించదు.

అడ్వాన్సు జోలికి మాత్రం వెళ్లవద్దు. ఖాళీ చేసే రోజున రంగులకు, మిగిలిపోయిన కరెంటు బిల్లుకు ఓనరుకున్న ధైర్యం అదే. ఇప్పుడే అందులో సర్దుకోమంటే, మీరు చెప్పకుండా వెళ్లిపోతారేమోనని ఆయనకు అనుమానం వస్తుంది.

బ్యాంకు ఉద్యోగంలో బదిలీల మీద తిరుగుతూ చాలా ఊళ్లలో అద్దెకున్నాను. ఇప్పుడు మా పై వాటా అద్దెకిచ్చాను. ఆ అద్దెతోనే మా అత్తగారి మందులు కొంటాను. మీ ఓనరు గారికి పెన్షను లేకపోతే మీరిచ్చే 14 వేలే ఆయనకు జీతం. మా పై వాటాలో ఉండే అబ్బాయి ప్రైవేటు స్కూల్లో టీచరు. వేసవిలో జీతం ఆలస్యమవుతుంది. ఒకటో తేదీనే కిందికి వచ్చి, "ఈ నెల 15న ఇస్తానండీ" అని చెప్పి వెళతాడు. 15న ఇస్తాడు. అతని విషయంలో నేను ఏనాడూ తేదీలు లెక్కపెట్టలేదు. చెప్పకుండా ఆలస్యం చేసేవాళ్లతోనే మాలాంటి వాళ్లకు కంగారు.

కాబట్టి బాకీ లేని రోజున, అంటే నెల మధ్యలో, మీరూ మీ వారూ కలిసి వెళ్లండి. జీతం ఏ తేదీల్లో పడుతోందో పాస్‌బుక్కులో చూపించండి. గడువును 12వ తేదీకి మార్చమని అడగండి. ఒప్పుకుంటే అగ్రిమెంటు కిందే ఆ మాట రాసి ఇద్దరూ సంతకాలు చేయండి. ఆ తరువాత ఆయన మోకాళ్లు పట్టుకుని మెట్లెక్కే పని ఒక్క నెల కూడా పెట్టకండి.

డబ్బు ఫోనులో పంపితే ఏ నెల అద్దో అందులోనే రాయండి. నగదు ఇస్తే రసీదు తీసుకోండి. 5 వేలు దాటితే దాని మీద రూపాయి రెవెన్యూ స్టాంపు అంటించాలి. పెద్దాయన కదా అని మొహమాటపడి రసీదు మానేయకండి. రేపు ఆయన పిల్లలు లెక్క అడిగితే మీకు ఆధారం అదే.

వీలైతే నెలకు 2 వేలు విడిగా దాచండి. ఏడు నెలల్లో ఒక నెల అద్దె చేతిలో ఉంటుంది, ఇక జీతం కోసం ఎదురుచూడనక్కర్లేదు. పిల్లల ఫీజులు వచ్చే జూన్‌లో మాత్రం ఇది కష్టమే, ఆ నెల వదిలేయండి.

తేదీ మార్చడానికి ఆయన ఒప్పుకోకపోతే, 5న సగం ఇచ్చి మిగతాది జీతం పడిన రోజు ఇస్తామనండి. మీది 11 నెలల అగ్రిమెంటే అయితే ఎప్పుడు ముగుస్తుందో చూసుకోండి. కొత్త కాగితం రాసుకునేటప్పుడు 12 అని వేయించుకోవడం ఇంకా తేలిక.