కొత్త బాయిలర్‌ను మొదటిసారి వెలిగించే ముందు

ప్రశ్న: మేము ఇంగ్లండ్‌లోని లెస్టర్‌లో ఆర్నెల్లుగా ఖాళీగా ఉన్న పాత ఇల్లు కొనుక్కున్నాం. నిన్న వంటింట్లో కొత్త కాంబి బాయిలర్ బిగించి వెళ్లారు. దాన్ని పరీక్షించి ప్రారంభించడానికి ఇంజినీరు సోమవారం వస్తారట. ప్రెజర్ ముల్లు సున్నా దగ్గరే ఉంది. ఇంట్లో ఏడాది పాప ఉంది, చలి ఎక్కువగా ఉంది. హైదరాబాద్‌లో గీజర్ స్విచ్ వేసినట్టు దీన్ని కూడా మేమే వేసుకోవచ్చా?
– ఒక పాఠకురాలు

జవాబు: దయచేసి వేయకండి. మీ తొందర పాప కోసమే, సోమవారం దాకా ఆగమని నేను అంటున్నదీ పాప కోసమే. గీజర్ అంటే నీళ్ల ట్యాంకులో కరెంటు కాయిల్. దానికైనా వేడినీళ్ల కుళాయి తిప్పి, ధార నిండుగా వచ్చిన తర్వాతే స్విచ్ వేయాలి. ఖాళీ ట్యాంకుతో వేస్తే కాయిల్ కాలిపోతుంది. కాంబి బాయిలర్ అయితే కుళాయిలకు వేడినీళ్లు, గదుల గోడలకుండే రేడియేటర్లకు వేడి రెండూ ఇవ్వడానికి ఇంట్లో గ్యాస్ మండించే యంత్రం. మంట సరిగ్గా లేకపోయినా, కాలిన వాయువులు ఫ్లూ గొట్టం గుండా పూర్తిగా బయటికి పోకపోయినా ఇంట్లో కార్బన్ మోనాక్సైడ్ చేరుతుంది. గ్యాస్‌కు వాసన కలుపుతారు కాబట్టి లీకైతే ముక్కుకు తెలుస్తుంది. కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ లేదు, వాసనా లేదు.

సోమవారం జరిగే పనిని అక్కడ కమిషనింగ్ అంటారు. గ్యాస్ పైపుల్లో లీకు లేదని చూడటం, గ్యాస్ ప్రెజర్ కొలవడం, ఫ్లూలోంచి వచ్చే వాయువులను ఎనలైజర్‌తో పరీక్షించడం ఇందులో ఉంటాయి. బ్రిటన్‌లో ఈ పని చేయడానికి గ్యాస్ సేఫ్ రిజిస్టర్ అనే గ్యాస్ ఇంజినీర్ల అధికారిక జాబితాలో నమోదైనవారికే చట్టం అనుమతిస్తుంది. వచ్చినవారిని గుర్తింపు కార్డు చూపించమని అడగడానికి మొహమాటపడకండి. కార్డు వెనక వైపు వారికి ఏయే పనుల్లో అర్హత ఉందో రాసి ఉంటుంది. అందులో బాయిలర్ల పని ఉందో లేదో చూడండి.

ఈలోగా కార్బన్ మోనాక్సైడ్ అలారం ఒకటి కొనండి. దాని మీద బీఎస్ ఈఎన్ 50291 అనే ప్రమాణం గుర్తు ఉండాలి. బాయిలర్ ఉన్న గదిలోనే, దానికి ఒకటి నుంచి మూడు మీటర్ల దూరంలో, అలారంతో వచ్చిన సూచనల ప్రకారం అమర్చి, టెస్ట్ బటన్ నొక్కి మోగుతోందో లేదో చూసుకోండి. బయటి గోడ మీద ఫ్లూ మూతి దగ్గర అట్టపెట్టెలు, కొమ్మలు అడ్డం లేకుండా చూడండి. ఇల్లు ఆర్నెల్లు ఖాళీగా ఉంది కాబట్టి ప్రతి కుళాయినీ కొన్ని నిమిషాలు వదిలి, నిల్వ నీళ్లు పోనివ్వండి. చలికి ఆయిల్ రేడియేటర్ లాంటి కరెంటు హీటర్ వాడండి. ప్లగ్గును ఎక్స్‌టెన్షన్ బోర్డుకు కాకుండా నేరుగా గోడ సాకెట్‌కే పెట్టండి. బొగ్గుల కుంపటి మాత్రం ఇంట్లో వెలిగించకండి, కిటికీ తీసి ఉన్నా సరే. అది ఇచ్చేదీ ఇదే విషవాయువు.

ఇక నీటి ప్రెజర్ చూపే ముల్లు సంగతి. అది సున్నా దగ్గర ఉందంటే పైపుల్లో, రేడియేటర్లలో ఇంకా నీళ్లు నింపలేదని అర్థం. ఇంజినీరు ముందు పాత పైపుల్లోని తుప్పు నీళ్లను కడిగి, తుప్పు పట్టకుండా ఇన్‌హిబిటర్ ద్రవం కలిపి నింపుతారు. అప్పుడు పక్కనే నిలబడి చూడండి, ఎందుకంటే తర్వాత ఈ పని మీకూ పడుతుంది. చాలా ఇళ్లలో బాయిలర్ కింద ఉక్కుతీగ అల్లిన చిన్న గొట్టం, దాని రెండు కొసలా రెండు కుళాయిలు ఉంటాయి. దాన్ని ఫిల్లింగ్ లూప్ అంటారు. రెండూ నెమ్మదిగా తిప్పితే నీళ్లు పారే చప్పుడు వినిపిస్తుంది, ముల్లు పైకి కదులుతుంది. చల్లగా ఉన్నప్పుడు 1 నుంచి 1.5 బార్ (ప్రెజర్ కొలత) మధ్యకు రాగానే రెండింటినీ గట్టిగా కట్టేయాలి. ఒకటైనా కారుతూ ఉండిపోతే ప్రెజర్ పెరుగుతూ పోయి, 3 బార్ దగ్గర సేఫ్టీ వాల్వ్ తెరుచుకుని బయటి గోడలోని రాగి గొట్టం గుండా నీళ్లు కారిపోతాయి. హీటింగ్ నడుస్తున్నప్పుడు ముల్లు 2 దాకా వెళ్లడం మామూలే.

మొదటి కొన్ని రోజుల్లో రేడియేటర్ కింద వేడిగా, పైన చల్లగా ఉంటే లోపల గాలి చేరిందన్నమాట. హీటింగ్ ఆపి, చల్లారనిచ్చి, పాత గుడ్డ పట్టుకుని, రేడియేటర్ పైమూల ఉన్న చిన్న స్క్రూను రేడియేటర్ల కోసమే ఉండే చిన్న తాళంచెవితో పావు చుట్టు తిప్పండి. ముందు బుస్సుమని గాలి వస్తుంది, ఆ వెంటనే నీటి చుక్కలు వస్తాయి, అప్పుడు బిగించేయండి. ఆ నీళ్లు నల్లగా ఉండవచ్చు, తివాచీ మీద పడితే మరక పోదు. కింది అంతస్తుతో మొదలుపెట్టి పైకి వెళ్లండి. గాలి తీశాక ప్రెజర్ తగ్గుతుంది కాబట్టి ముల్లు మళ్లీ చూసి, అవసరమైతే నింపండి. వారానికోసారి నింపాల్సి వస్తుంటే మాత్రం ఎక్కడో నీళ్లు కారుతున్నట్టే, ఇంజినీరును పిలవండి.

వెళ్లేముందు ఇంజినీరు చేత బెంచ్‌మార్క్ చెక్‌లిస్టు, అంటే కమిషనింగ్‌లో చేసిన పరీక్షల పట్టిక, పూర్తిగా నింపించి తీసుకోండి. పని భవన నిబంధనల ప్రకారం జరిగిందని చెప్పే బిల్డింగ్ రెగ్యులేషన్స్ సర్టిఫికెట్ తర్వాత వస్తుంది. ఇల్లు అమ్మేటప్పుడు అది అడుగుతారు.

ఎప్పుడైనా గ్యాస్ వాసన వస్తే లైటు స్విచ్ వేయకండి, తీయకండి. కిటికీలు తెరిచి, మీటర్ దగ్గరి హ్యాండిల్‌ను పైపుకు అడ్డంగా తిప్పి, పాపను తీసుకుని బయటికి వచ్చాక 0800 111 999కు ఫోన్ చేయండి. అలారం మోగినా, ఇంట్లో అందరికీ ఒకేసారి తలనొప్పి, వికారం మొదలై బయటికి వస్తే తగ్గుతున్నా బాయిలర్ ఆపి ఇదే నంబరుకు ఫోన్ చేయండి, వైద్యుడికీ చూపించుకోండి.