పైల్స్ అని మీరే తేల్చేసుకోకండి

ప్రశ్న: నా వయసు 53. ఎప్పుడూ పొద్దున్నే ఒక్కసారి విరేచనం అయ్యేది. నెలన్నరగా రోజుకు మూడు నాలుగుసార్లు వెళ్లాల్సి వస్తోంది. వెళ్లొచ్చినా ఇంకా మిగిలిపోయినట్టే ఉంటుంది. రెండుసార్లు ఎర్రగా రక్తం కనిపించింది. నొప్పి లేదు. పైల్స్ అనుకుని మందుల షాపులో ఆయింట్‌మెంట్ కొని రాసుకుంటున్నాను. మా ఆవిడ ఐరన్ మాత్రలు వేసుకుంటోంది, తనకు నల్లగా వస్తోందట. ఇద్దరిలో ఎవరి గురించి టెన్షన్ పడాలి?

జవాబు: ముందు మీ గురించేనండి. రోజుకు మూడుసార్లు వెళ్లేవాళ్లలోనూ, వారానికి మూడుసార్లే వెళ్లేవాళ్లలోనూ ఆరోగ్యవంతులు ఉంటారు. అందుకని ఎన్నిసార్లు అన్నదాన్ని నేను పెద్దగా పట్టించుకోను. ఏళ్లనాటి అలవాటు మారి, మూడు నాలుగు వారాలైనా దారికి రాకపోతే మాత్రం ఊరుకోను.

పైల్స్ వల్ల రక్తం పడొచ్చు. కానీ ఒక్కసారి వెళ్లే మనిషిని నాలుగుసార్లు పరిగెత్తించేది సాధారణంగా పైల్స్ కాదు. పైగా నొప్పి లేదని ధీమా వద్దు. పెద్దపేగులో కణితి మొదట్లో నొప్పి పెట్టకపోవచ్చు. అలాగని మీకు అదే ఉందని అనడం లేదు. పేగు పూత కావచ్చు, ఇన్‌ఫెక్షన్ కావచ్చు. షుగర్‌కు మెట్‌ఫార్మిన్ వాడినా, థైరాయిడ్ ఎక్కువైనా విరేచనాలు పెరుగుతాయి, కానీ రక్తం వాటి వల్ల పడదు. ఈ వారంలోనే డాక్టర్‌ని కలవండి. గ్లౌజు వేసుకుని వేలితో పరీక్ష చేస్తారు, నిమిషం పని. సిగ్గుపడి దీన్ని నెలల తరబడి వాయిదా వేసేవాళ్లు ఎంతమందో! కొలనోస్కోపీ, అంటే కెమెరా ఉన్న సన్నని గొట్టంతో పెద్దపేగు లోపల చూసే పరీక్ష, కూడా చెప్పవచ్చు. అందులో చిన్న పాలిప్ (పేగు లోపలి గోడ మీద పెరిగే బుడిపె) కనిపిస్తే చాలావరకు అప్పుడే తీసేస్తారు. బరువు తగ్గారా, రాత్రిళ్లు విరేచనం కోసం నిద్ర లేస్తున్నారా, ఇంట్లో ఎవరికైనా పేగు క్యాన్సర్ వచ్చిందా అన్నవి అడగకపోయినా చెప్పండి.

ఇక ఆవిడ సంగతి. ఐరన్ మాత్రలతో మలం నల్లగానో, ముదురు ఆకుపచ్చగానో రావడం మామూలే. మాత్రలు ఆపాల్సిన పనిలేదు. అదే తారులా నిగనిగలాడుతూ, జిగటగా, నీళ్లు పోసినా సరిగా వదలకుండా, ఘోరమైన వాసనతో వస్తే అది కడుపులో కారిన రక్తం కావచ్చు. ముఖ్యంగా ఒళ్లునొప్పులకు మాత్రలు మింగే అలవాటుంటే. దాంతోపాటు కళ్లు తిరిగితే అప్పటికప్పుడే ఆసుపత్రికి తీసుకెళ్లండి.

ఇంకో మాట. ఆవిడకు రక్తం ఎందుకు తగ్గిందో ఎవరైనా చూశారా? నెలసరి ఆగిపోయిన వయసైతే ఊరికే మాత్రలు రాసి వదిలేయకూడదు, కడుపు, పేగులు కూడా పరీక్షించాలి. మీతోపాటు ఆవిడనూ తీసుకెళ్లండి.