లోతెంతో ముందు తేల్చుకో

గుంటూరు

చిరంజీవికి ఆశీస్సులు.

జలాంతర్గామి మునక మీద నీవు రాసిన కథ అందింది. గల్లంతయ్యాడని కబురు వచ్చాక కూడా భర్త నంబరుకు ఫోన్ చేస్తూనే ఉండే ఇల్లాలి పేరా బాగుంది. మిగిలినదంతా చదువుతుంటే ఒళ్లు మండింది. జలాంతర్గామిని వెయ్యి మీటర్ల లోతుకు దింపి, అక్కడ దీపాల వెలుగులో నావికుల చేత నాలుగు పేజీల దేశభక్తి ప్రసంగాలు చేయించావు.

2017 నవంబరు 15న అర్జెంటీనా జలాంతర్గామి శాన్ హువాన్ 44 మందితో అట్లాంటిక్‌లో అదృశ్యమైంది. నీటి పైనుంచి గాలి పీల్చుకునే స్నోర్కెల్ గొట్టం గుండా ఉప్పునీరు దిగి, బ్యాటరీల దగ్గర షార్ట్ సర్క్యూట్ అయి నిప్పు పుట్టిందని కెప్టెన్ ఒడ్డుకు తెలియజేశాడు. ఆ తర్వాత కొద్ది గంటలకే సంబంధాలు తెగిపోయాయి. మరుసటి ఏడాది శకలాలు 907 మీటర్ల లోతున దొరికాయి. అంత లోతుకు చేరకముందే నీటి ఒత్తిడి ఉక్కు కవచాన్ని రెప్పపాటులో నలిపేస్తుంది కనుక చివరి మాటలకు వ్యవధి ఉండదు. 2000 ఆగస్టు 12న బారెంట్స్ సముద్రంలో మునిగిన రష్యా కుర్స్క్ సంగతి వేరు; అది 108 మీటర్ల దగ్గరే నేలకు ఆనింది. హైడ్రోజన్ పెరాక్సైడ్‌తో నడిచే టార్పెడో పేలి ముందుభాగం ధ్వంసమైనా, 118 మందిలో 23 మంది వెనకనున్న తొమ్మిదో గదికి చేరి కొన్ని గంటలు బతికారు. వారిలో కొలెస్నికోవ్ అనే అధికారి ఏయే గదులవాళ్లు అక్కడికి చేరారో, ఎందరున్నారో, వారి పేర్లేమిటో కాగితం మీద రాసి, ఆపైన చీకట్లో తడుముకుంటూ మరికొన్ని పంక్తులు రాశాడు. చావు ముందు కూడా ఆ మనిషి హాజరు పట్టీ రాశాడు, చూశావా!

యంత్రం ఎలా చస్తుందో తెలియనివాడు అందులోని మనిషి చావు రాయకూడదన్నది నా పట్టుదల. సంపాదకులకు ఇది గిట్టదు. బెజవాడ లోకోషెడ్డులో ఆవిరి ఇంజనుకు బొగ్గు వేసే ఫైర్‌మన్ మీద నేను రాసిన కథలో, బాయిలర్‌లో నీటిమట్టం పడిపోతే ఏమవుతుందో చెప్పిన పేరాను ఒక వారపత్రిక సంపాదకుడు కొట్టేసి, ఆ జాగాలో అతని భార్యను ఏడిపించి మరీ అచ్చు వేశాడు. "ఇంతకీ బాయిలర్ ఎందుకు పేలిందండీ?" అని షెడ్డువాళ్లు అడిగింది నన్ను, ఆయన్ని కాదు. నేటి పోటీల్లోనూ బహుమతులు ఏడుపులకే దక్కుతున్నాయి.

నీవడిగిన కలం పేరు సంగతి తర్వాత చూద్దాం. ముందు రత్నాచల్ ఎక్కి విశాఖ వెళ్లు. బీచిలో మ్యూజియంగా ఉంచిన కుర్సురా జలాంతర్గామిలో, గదికీ గదికీ మధ్యనున్న గుండ్రటి తలుపుల్లోంచి నడుం వంచి దూరిరా. తర్వాత లోతు నిర్ణయించుకో. నూరు మీటర్లయితే సంభాషణ కుదించి దీపాలు ఆర్పెయ్యి. వెయ్యి అయితే ఆ నాలుగు పేజీలూ చించేసి కథను ఒడ్డునే నడుపు. తిరగరాసిన ప్రతిలో ఆ అంకెను మొదటి పేజీ పైనే వేసి పంపు.