సంక్రాంతికి ఊరెళ్తే నడక ఆగిపోతోంది, షుగర్ పెరుగుతోంది... ఏం చేయాలి?

ప్రశ్న: నా వయసు 49. హైదరాబాద్‌లో ఉంటాం. ఆరేళ్లుగా షుగర్ ఉంది. మెట్‌ఫార్మిన్, గ్లిమిపిరైడ్ మాత్రలు వేసుకుంటున్నాను. రోజూ పొద్దున్నే పార్కులో 45 నిమిషాలు నడుస్తాను. ఏటా సంక్రాంతికి అమలాపురం దగ్గర మా అత్తగారి ఊరు వెళ్తాం. అక్కడున్న పది రోజులూ నడక కుదరదు, తెల్లారింది మొదలు వంటింట్లోనే సరిపోతుంది. పోయిన ఏడాది వెళ్లే ముందు 126 ఉన్న పరగడుపు షుగర్ తిరిగొచ్చాక 174 అయింది. ఇంటి పని వ్యాయామం కిందికి రాదా? తిన్న వెంటనే నడవొచ్చా?
– ఒక పాఠకురాలు

సలహా: పండగ ఇంట్లో పొద్దున్నే 45 నిమిషాలు దొరకవు. ఆ ఆశ ముందే వదిలేయండి. అది కుదరలేదని మొత్తం నడకే మానేయడం దగ్గరే మీకు దెబ్బ తగులుతోంది. మూడు పూటలా తిన్న తర్వాత పదేసి నిమిషాలు నడవండి. రోజుకు 30, వారానికి 210 నిమిషాలు అవుతుంది. పెద్దవాళ్లకు వారానికి కనీసం 150 నిమిషాల మోస్తరు వ్యాయామం కావాలంటుంది ప్రపంచ ఆరోగ్య సంస్థ. దాన్ని ఒకేసారి చేయాలన్న నియమమేమీ లేదు.

మీలాంటి వారికి ఈ ముక్కల నడకే ఒక విధంగా మేలు. తిన్న తర్వాత గంట, గంటన్నరకు షుగర్ బాగా పెరుగుతుంది. సరిగ్గా ఆ సమయంలో పిక్కలు, తొడల కండరాలు పనిచేస్తుంటే ఇన్సులిన్ మీద పెద్దగా ఆధారపడకుండానే రక్తంలోని గ్లూకోజును తీసుకుంటాయి. కాబట్టి చేయి కడుక్కున్న 10–30 నిమిషాల్లోపు బయల్దేరండి. మాట్లాడగలిగేంత, పాట మాత్రం పాడలేనంత వేగం చాలు. కడుపు బరువుగా ఉంటే ఇంకాస్త నెమ్మదిగా నడవండి. గుండెజబ్బు ఉన్నవాళ్లు మాత్రం తిన్న వెంటనే నడిచే ముందు తమ డాక్టర్‌ను అడగాలి.

వ్యాయామం వల్ల కండరాల మీద ఇన్సులిన్ బాగా పనిచేసే గుణం 24 నుంచి 72 గంటల్లో కరిగిపోతుంది. అందుకే షుగర్ ఉన్నవారు వరసగా రెండు రోజులకు మించి నడక ఆపకూడదు. భోగి నాడు తప్పితే సంక్రాంతి నాడు, అదీ కాకపోతే కనుమ నాడైనా నడవాలి. కనుమకు జగ్గన్నతోట ప్రభల తీర్థానికి వెళ్లే అలవాటుంటే ఆ రోజు లెక్క అక్కడే తీరుతుంది. అయితే జనంలో గంటలకొద్దీ నిలబడటాన్ని నడకలో కలపకండి.

ఇక ఇంటి పని. గుండె వేగం పెంచి, కాస్త ఆయాసం తెప్పించే పని వ్యాయామమే. వాకిలి ఊడ్చి కడగడం, ఇల్లు తుడవడం, బూజు దులపడం, నీళ్ల బిందెలు మోయడం అందులోకి వస్తాయి. పొయ్యి ముందు కూర్చుని మూడు గంటలు అరిసెలు వత్తడం, నిలబడి బూరెలు వేయడం రావు. వీటితో ఒళ్లు అలుస్తుంది, నడుం నొస్తుంది, షుగర్ మాత్రం పెద్దగా తగ్గదు. అరగంటకోసారి లేచి రెండు మూడు నిమిషాలు అటూ ఇటూ తిరగండి. ముగ్గు వేసేటప్పుడు మోకాళ్లు వంచకుండా నడుం మీదే వంగితే పండగంతా నొప్పితోనే గడుస్తుంది. చిన్న పీట వేసుకుని జరుగుతూ వేయండి.

కండరాలకు బలం కోసం వారానికి రెండు మూడు రోజులు ఈ మూడూ చేయండి: చేతుల సాయం లేకుండా కుర్చీలోంచి 10 సార్లు లేచి కూర్చోవడం, గోడకు చేతులు ఆనించి 10 సార్లు ముందుకు వంగి వెనక్కి నెట్టడం, వంటింటి గట్టు పట్టుకుని 15 సార్లు మడమలు లేపి దించడం. ఒక్కోటీ రెండు విడతలు. మడమలు లేపేది సింక్ దగ్గర చేయండి, మరిగే నూనె దగ్గర మాత్రం వద్దు.

నడుస్తున్నాం కదా అని తిండికి అడ్డు లేకుండా చేసుకోకండి. అరగంట చురుకైన నడకకు ఖర్చయ్యేది సుమారు 120–150 కేలరీలు. నేతిలో వేగిన ఒక పెద్ద అరిసెతో అది తిరిగొచ్చేస్తుంది.

మీ విషయంలో అన్నిటికన్నా జాగ్రత్త పడాల్సింది గ్లిమిపిరైడ్‌తో. ఇది షుగర్‌ను ఉన్నట్టుండి పడేయగలదు. పూజ అయ్యేదాకా ఏమీ తినని రోజున దీన్ని పరగడుపున వేసుకుని పనిలో పడొద్దు. తినడానికి కూర్చునే ముందే వేసుకోండి. వణుకు, చెమట, గుండెదడ, కళ్లు తిరగడం ఉంటే వెంటనే షుగర్ చూసుకోండి. 70 కన్నా తక్కువుంటే మూడు చెంచాల పంచదార లేదా గ్లూకోజు నీళ్లలో కలిపి తాగి, 15 నిమిషాలాగి మళ్లీ చూడాలి. చేతికందిందని అరిసో బొబ్బట్టో తింటే సరిపోదు. నెయ్యి, నూనె వల్ల గ్లూకోజు రక్తంలోకి ఆలస్యంగా చేరుతుంది. డోసు మార్చే నిర్ణయం మాత్రం మీ డాక్టర్‌దే.

ప్రయాణం రోజును కూడా వదిలేయొద్దు. పండగ రద్దీలో పంతంగి టోల్‌గేట్ దగ్గరే చాలాసేపు పడుతుంది. రెండు గంటలకోసారి కారు ఆపి ఐదు నిమిషాలు నడవండి. సీట్లో ఉన్నప్పుడు పాదాలను 20 సార్లు పైకీ కిందికీ ఆడించండి, పిక్కల్లో రక్తం గడ్డకట్టే ముప్పు తగ్గుతుంది. బాత్రూమ్ దొరకదని నీళ్లు మానేసే ఆడవాళ్లు చాలామంది. అలా చేస్తే షుగర్ ఇంకా పెరుగుతుంది. సూర్యాపేటలో ఎలాగూ ఆగుతారు కాబట్టి దానికి తగ్గట్టు తాగండి.

పాదాల్లో తిమ్మిర్లు ఉంటే భోగి మంటకు దూరంగా ఉండండి, కాలినా తెలియదు. పండగకు కొన్న కొత్త చెప్పులతో కాలువ గట్టు మీద నడిస్తే బొబ్బలు వస్తాయి. పాత షూ తీసుకెళ్లండి, రాత్రి పడుకునే ముందు వేళ్ల సందులు చూసుకోండి.

నడుస్తుండగా ఛాతీలో బరువు, దవడకో ఎడమ చేతికో పాకే నొప్పి, చల్లటి చెమట వస్తే పిండివంటల గ్యాస్ అనుకుని సోడా తాగుతూ కూర్చోవద్దు. వెంటనే 108కి ఫోన్ చేయండి.

తిరిగొచ్చిన వారానికి పరగడుపున, తిన్న రెండు గంటలకు షుగర్ చూసుకోండి. పరగడుపున 130 దాటే ఉంటే ఆ రీడింగులు పట్టుకుని మీ డాక్టర్‌ను కలవండి.