వెనుక దీపాలు: అల్లుడికి మామయ్య లేఖ

చిరంజీవి అల్లుడికి,

మామయ్య ఆశీస్సులు. నువ్వు పంపిన ఫొటోలు చూశాను. కొత్త టూరింగ్ మోటారుసైకిలు బాగుంది, దాని వెనుక కట్టించిన బుల్లి ట్రైలరూ ముచ్చటగానే ఉంది. కానీ మూడో ఫొటో చూశాక మాత్రం ప్రాణం ఉసూరుమంది. బండి బ్రేకు లైటు వైరును బ్లేడుతో చెక్కి, ట్రైలరు వైరును దానికి మెలిపెట్టి, పైన నల్ల టేపు చుట్టావు. ఆటోనగర్‌లో ముప్పై ఏళ్లుగా అలాంటి మెలికలు విప్పే నేను తిండి తింటున్నాను. సొంత మేనల్లుడే ఆ పని చేస్తే ఎవరితో చెప్పుకోను?

ముందు ఒక పని. బండికి ట్రైలరు తగిలించే సంగతి రవాణా శాఖ కార్యాలయంలో అడుగు, బీమా వాళ్లకూ చెప్పు. ఆ తర్వాతే రోడ్డెక్కు. ఇక వైర్ల దగ్గరికి వద్దాం.

బండిలో బ్రేకు లైటుకు వెళ్లే వైరు సన్నగా ఉంటుంది. ఆ ఒక్క లైటు కోసమే దాన్ని వేశారు. నువ్వు ట్రైలరుకు పెట్టినవి 21 వాట్ల బల్బులు. రెండూ కలిపి 42 వాట్లు, 12 వోల్టుల దగ్గర మూడున్నర ఆంపియర్లు. ఎల్ఈడీ లైటు కోసం వేసిన వైరు మీద ఇంత బరువు పెడితే అది వేడెక్కుతుంది, లేదా ఫ్యూజు పోతుంది. కొత్త బండ్లలో అయితే లోపలి కంప్యూటరు ఏదో తేడా వచ్చిందని ఆ లైటునే ఆపేయవచ్చు.

నీ వయసులో నేనూ ఈ తప్పు చేశాను. మిత్రుడి బండికి ఇలాగే మెలిపెట్టి ఇచ్చాను. గుంటూరు నుంచి వస్తుంటే వారధి మీద వాన పట్టుకుంది. అతుకులోకి నీళ్లు దిగి ఫ్యూజు పోయింది. మీటరు దీపం, వెనుక లైటు రెండూ ఆ ఫ్యూజు మీదే ఉన్నాయి. చీకట్లో మేము ముందున్నామని వెనుక లారీకి తెలియదు. చివరి క్షణంలో చూసి తప్పించి, డ్రైవరు బండి ఆపి మరీ తిట్టాడు. తిట్టినవన్నీ న్యాయమైనవే.

అందుకే రిలేలు పెట్టు. రిలే అంటే చిన్న కరెంటు కబురు అందుకుని పెద్ద కరెంటును కలిపే స్విచ్చు. బండి వైరు నుంచి తీసుకోవలసింది కబురు మాత్రమే, కరెంటు బ్యాటరీ నుంచి రావాలి. బ్యాటరీ పాజిటివ్ నుంచి వేరే వైరు లాగి, జానెడు దూరం దాటకముందే 10 ఆంపియర్ల ఫ్యూజు పెట్టు. ఫ్యూజు దూరంగా ఉంటే, దానికీ బ్యాటరీకీ మధ్య వైరు ఎక్కడ ఒరుసుకున్నా కాపాడే నాథుడు ఉండడు. ఆ వైరు రిలే మీద 30 అని రాసి ఉన్న కాలికి, 87వ కాలి నుంచి ట్రైలరు లైటుకు. బండి బ్రేకు లైటు వైరు 86కు, 85 నెగటివ్‌కు. రిలే లోపలి తీగచుట్ట (కాయిల్) లాగే కరెంటు ఆంపియరులో పదో వంతో, ఐదో వంతో. బండికి అది లెక్కలోకి రాదు. లోపల డయోడు, అంటే కరెంటును ఒకే వైపు పోనిచ్చే ముక్క, ఉన్న రిలే అడిగి కొను. తీగచుట్టకు కరెంటు ఆగినప్పుడు వెనక్కి తన్నే వోల్టేజి నీ బండి కంప్యూటరును తాకకుండా అది ఆపుతుంది. కాకపోతే అందులో 85, 86 తారుమారు చేయకూడదు.

వెనుక లైటుకు ఒకటి, బ్రేకుకు ఒకటి, ఇండికేటర్లకు రెండు, మొత్తం నాలుగు రిలేలు. ఇండికేటరు నిమిషానికి 60 నుంచి 120 సార్లు కొట్టుకుంటుంది కాబట్టి ఆ రిలేలే ముందు అరుగుతాయి. ఆ 21 వాట్ల బల్బులు తీసేసి మూడు నాలుగు వాట్ల ఎల్ఈడీలు పెట్టుకుంటే రిలేలకూ బ్యాటరీకీ సుఖం.

ఇప్పుడు ఎర్తు, అంటే కరెంటు బ్యాటరీ నెగటివ్‌కు తిరిగి వెళ్లే దారి. సగం మంది మెకానిక్కులు ఇక్కడే చేతులెత్తేస్తారు. ట్రైలరు ఇనుమే కదా, హుక్కు ద్వారా బండికి ఎర్తు అందుతుందిలే అనుకుంటారు. హుక్కు మీద గ్రీజు ఉంటుంది, రంగు ఉంటుంది, గతుకు వచ్చినప్పుడల్లా అది ఎగిరిపడుతుంది. ఎర్తు సరిగా లేదని ఎలా తెలుస్తుందో చెబుతాను. బ్రేకు నొక్కితే ఇండికేటర్లు కూడా ఎర్రటి నిప్పుకణికల్లా మసకగా వెలుగుతాయి. కరెంటుకు నెగటివ్ దారి దొరకక పక్క బల్బు తంతువులోంచి దూరి వెళ్లడమే దానికి కారణం. అది చూసి జనం బల్బులు మారుస్తారు, ఇండికేటరును మిణుకుమనిపించే ఫ్లాషరు మారుస్తారు. తప్పు ఎర్తుదని ఎవరికీ తోచదు. అందుకే ట్రైలరు లైట్ల నుంచి బ్యాటరీ నెగటివ్ వరకు విడిగా ఒక వైరు లాగు. అన్ని లైట్ల కరెంటూ తిరిగి వచ్చే దారి అదే కాబట్టి మిగతావి ఒక చదరపు మిల్లీమీటరు వేస్తే, ఇది రెండున్నర వేయి. వేశాక లైట్లన్నీ వెలిగించి, మల్టీమీటరు ఒక ముల్లు బ్యాటరీ నెగటివ్ మీద, రెండోది ట్రైలరు లైటు ఎర్తు మీద పెట్టు. 0.2 వోల్టుల లోపు చూపిస్తే మంచిది. అర వోల్టు దాటితే ఎక్కడో లగ్గు (వైరు కొనకు బిగించే లోహపు తొడుగు) వదులుగా ఉంది, వెతుకు.

సాకెట్టుకు ఏడు కాళ్లది తీసుకో. ట్రైలరు సాకెట్లకు ఉన్న ఐఎస్ఓ 1724 అనే అంతర్జాతీయ పద్ధతిలో నీకు కావలసినవి ఆరు: పసుపు ఎడమ ఇండికేటరు, పచ్చ కుడి, తెలుపు ఎర్తు, ఎరుపు బ్రేకు, గోధుమరంగు, నలుపు వెనుక లైట్లు. రంగులు పాటిస్తే రేపు ఎవరు విప్పినా అర్థమవుతుంది. సాకెట్టు నోరు కిందికి ఉండాలి, లేకపోతే నీళ్లు నిలుస్తాయి.

అతుకులు టేపుతో వద్దు. మన రోహిణి కార్తె ఎండకు టేపు జిగురు కారి, వారంలో విడిపోతుంది. లగ్గు బిగించి, వేడికి ముడుచుకునే స్లీవు వేయి. టంకం పెట్టి వదిలేయకు. టంకం ఆగినచోట వైరు బిరుసెక్కి, బండి అదురుకు అక్కడే తెగుతుంది. సైలెన్సరుకు దూరంగా వైర్లు తీసుకెళ్లు. ట్రైలరు తగిలించి హ్యాండిలు రెండు పక్కలా పూర్తిగా తిప్పి చూడు. వైరు బిగుసుకోకూడదు, నేలకు తగలకూడదు.

ఇంత చేసినా ట్రైలరు వెనుక ఎర్ర రిఫ్లెక్టరు టేపు అతికించు. వరిగడ్డి ట్రాక్టర్లు దీపాల్లేకుండా పోవడం రోజూ చూస్తూనే ఉన్నావు కదా. ఫ్యూజు పోయినా ఆ టేపు మెరుస్తుంది.

వచ్చే శనివారం పొద్దున్నే రా, ఇద్దరం కూర్చుని చేద్దాం. ట్రైలరును మాత్రం తగిలించుకుని రావద్దు, సామాన్ల ఆటోలో వేయించు. నీ బండి వైరింగు బొమ్మ దొరికితే పెద్ద కాగితం మీద ప్రింటు తీయించి పట్టుకురా. ఫోనులో ఆ గీతలు నా కళ్లకు ఆనవు.

ఇట్లు,
మామయ్య